రాగి కొనే కాటా దగ్గర నిఘా పెట్టండి

సంపాదకులు గారికి,

అయ్యా,

రైతుల పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోతున్న దొంగతనాల గురించి మీ జిల్లా పేజీల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. దాదాపు ప్రతి వార్త చివరా పాత ఇనుము వ్యాపారులపైనా, ఆ సరుకు మోసే బండ్లపైనా నిఘా పెంచుతామని అధికారులు చెప్పిన మాట ఉంటుంది. నేను ట్రాక్టరు, దాని వెనుక తగిలించే ట్రక్కు పెట్టుకుని ధాన్యం, ఇటుక, ఎరువుల బస్తాలతోపాటు పాత ఇనుము కూడా కిరాయికి తోలుతుంటాను. కొన్నిసార్లు నేనే సరుకు కొని, పట్నంలో అమ్ముకుంటాను. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటున్నాడని చదువరులు అనుకున్నా సరే, నిఘా పెట్టాలన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ఆ నిఘా ఇప్పుడు పెడుతున్న చోట కాక మరోచోట పెట్టాలన్నదే ఈ ఉత్తరం రాయడానికి కారణం.

ఈ పని గురించి తెలియనివారి కోసం కొంత వివరంగా చెప్పవలసి ఉంది. ఊళ్లలో ఒకప్పుడు సైకిళ్ల మీదా, తోపుడు బండ్ల మీదా తిరిగినవారు ఇప్పుడు మైకు కట్టిన ట్రాలీ ఆటోల్లో తిరుగుతూ ఇళ్లలోని విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన బకెట్లు, సత్తు గిన్నెలు, కాలిపోయిన మిక్సీలు కొంటున్నారు. నాలాంటి ట్రాక్టరు వాళ్లకు దక్కేవి అంతకన్నా బరువైన మోతలు. మూతపడిన రైసుమిల్లు నుంచి షాఫ్టులు, కప్పీలు, పోత ఇనుప చక్రాలు వస్తాయి. పాత పెంకుటిల్లో, డాబా ఇల్లో పడగొట్టినప్పుడు కాంక్రీటులోంచి ఊడదీసిన చువ్వలు, కిటికీ గ్రిల్స్, గర్డర్లు వస్తాయి. రైతుల దొడ్లలో ఏళ్ల తరబడి పడి ఉన్న దమ్ము చక్రాలు, అరిగిపోయిన గొర్రు కర్రులు, రోటావేటరు బ్లేడ్లు, ఇంజను పంపుల కేసింగులు, చెరువు తూములకు ఒకప్పుడు బిగించిన పాత తలుపులు సైతం మా ట్రక్కు ఎక్కుతాయి. వీటిలో ఏ ఒక్కదానికీ యజమాని దగ్గర బిల్లు ఉండదు. తాత కొన్న దమ్ము చక్రానికి మనవడి దగ్గర రసీదు ఉంటుందని ఆశించడం న్యాయం కాదు కదా.

సరుకు ట్రక్కులో వేసుకున్నంత మాత్రాన డబ్బు రాదు. కలిపి తోలితే దుకాణదారు అన్నిటికన్నా తక్కువ రకం ధర కడతాడు కనుక ముందు వేరు చెయ్యాలి. పోత ఇనుము వేరు, గట్టి ఇనుము వేరు, పలుచని రేకు వేరు. ఇత్తడి కుళాయిలు, బుష్షులు ఒక గోనెసంచిలో, అల్యూమినియం మరొక దానిలో, మోటార్లలోంచి తీసిన రాగి ఇంకొక దానిలో వేస్తాము. రేకు తేలిక, స్థలం ఎక్కువ ఆక్రమిస్తుంది, అందుకే దానికి కిరాయి కూడా గిట్టని రోజులున్నాయి. గర్డర్లు, పెద్ద షాఫ్టులు గ్యాసు కట్టరుతో కోయిస్తే తప్ప కొలిమి సైజుకు రావు, ఆ కోత ఖర్చు మన మీదే పడుతుంది. ఇక కాటా దగ్గర మట్టి, తుప్పు, అంటుకున్న కాంక్రీటు పేరుతో తరుగు తీస్తారు. ఎంత తియ్యాలన్న దానికి ఒక పద్ధతి లేదు. దుకాణదారు కంటి అంచనాయే శాసనం. డీజిలు, కూలీలు, కోత, తరుగు పోను మిగిలేది చూస్తే ఈ పనిలో తేలిక డబ్బు ఉందని ఎవరూ అనుకోరు. తేలిక డబ్బు ఉన్నది ఒక్క రాగిలోనే. ఇనుముకు వచ్చే ధరకు రాగి ధర ఇరవై రెట్లు దాటి ఉంటుంది కనుక, ట్రక్కు నిండా ఇనుము తోలినవాడికి మిగలనిది ఒక సంచి రాగి మోసినవాడికి మిగులుతుంది. దొంగతనాల లెక్క అంతా ఈ తేడాలోనే ఉంది.

మా దగ్గర బయలుదేరిన ఇనుము మండల కేంద్రంలోని చిన్న దుకాణం నుంచి విజయవాడ ఆటోనగర్‌కో, తెలంగాణ వైపు అయితే హైదరాబాదు భోలక్‌పూర్ వంటి చోట్లకో చేరి, అక్కడి నుంచి లారీల్లో షాద్‌నగర్, కొత్తూరు పరిసరాల్లోని ఫర్నేసులకూ, తమిళనాడు సరిహద్దులోని గుమ్మిడిపూండికీ పోతుంది. అక్కడ కరిగి, కడ్డీలుగా మారి, మళ్లీ మన ఇళ్ల శ్లాబుల్లోకే వస్తుంది. ఇది దేశానికి అక్కరలేని పని కాదు. కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ 2019లో ప్రకటించిన ఉక్కు తుక్కు పునర్వినియోగ విధానమే ఒక టన్ను తుక్కు వాడితే 1.1 టన్నుల ఇనుప ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు, 55 కిలోల సున్నపురాయి ఆదా అవుతాయని లెక్క చెప్పింది. తుక్కు సేకరణ ఎక్కువగా అసంఘటిత రంగంలోనే ఉందని అంగీకరించిన ప్రభుత్వం, ఆ రంగంలోని మనుషులకు ఒక గుర్తింపు కార్డయినా ఇచ్చే ఆలోచన చేసి ఉంటే ఈ ఉత్తరంలో సగం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

ఇప్పుడు దొంగతనాల సంగతికి వస్తాను. మన రాష్ట్రంలో వ్యవసాయానికి హెచ్‌వీడీఎస్ (హై వోల్టేజీ పంపిణీ) పద్ధతిలో 16, 25 కేవీఏ సామర్థ్యం గల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లను కొద్దిమంది రైతులకు ఒకటి చొప్పున పొలాల మధ్యనే బిగించారు. లో వోల్టేజీ బాధ తగ్గింది, మోటార్లు కాలడం తగ్గింది. కానీ ఊరికి దూరంగా, మనుషుల అలికిడి లేని చోట, కొద్దిమంది మనుషులు దించగలిగినంత చిన్న పెట్టెలు కావడంతో దొంగలకూ అవే అనువయ్యాయి. స్విచ్చి దించి, పెట్టె నేల మీద పడేసి, లోపలి ఆయిలు గట్టు మీద పారబోసి, చుట్టలు లాగేసుకుపోతారు. చాలా వాటిలో ఉన్నది రాగి కాదు, అల్యూమినియం చుట్టే. పగలగొట్టిన తర్వాతే అది వాళ్లకు తెలుస్తుంది. దొంగకు రాగి దొరికినా దొరకకపోయినా రైతుకు జరిగే నష్టం ఒక్కటే. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, ఎఫ్‌ఐఆర్ కాపీ పట్టుకుని విద్యుత్తు శాఖ ఏఈ (అసిస్టెంటు ఇంజనీరు) కార్యాలయానికి వెళ్లి, కొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చి బిగించేదాకా పైరు ఎండవలసిందే. అరటి, మిరప వేసినవాళ్లకు ఆ పది పదిహేను రోజులు ఎంత ఖరీదైనవో వేరే చెప్పనక్కరలేదు. బోరు మోటార్ల కేబుళ్లు కోసుకుపోయే దొంగతనం ఇంకా చిన్నది కనుక వార్తకు కూడా ఎక్కదు, కానీ అది ఇంతకన్నా ఎక్కువగా జరుగుతోంది.

ఈ సరుకు దుకాణానికి వచ్చేసరికి ఎలా ఉంటుందో అందులో ఉన్న ప్రతివాడికీ తెలుసు. కేబులు మీద ప్లాస్టిక్కు తొడుగు కాల్చేస్తారు, నల్లబడిన రాగి మిగులుతుంది. ట్రాన్స్‌ఫార్మరు చుట్టకు ఆయిలు తడిసిన కాగితం అంటుకుని ఉంటుంది, దాని వాసనే వేరు. మోటారు వైండింగు చేసే మెకానిక్కు దగ్గర తీసిన తీగ సన్నగా, వార్నిషు పూతతో, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఈ తేడాలు నాకే తెలిసినప్పుడు రోజూ కాటా ముందు కూర్చునే దుకాణదారుకు తెలియకుండా ఉండవు. అతను తెలియనట్టు ఊరుకోవడానికి కారణం, ఆ సరుకు నగదుకు కొని, ఏ పుస్తకంలోనూ రాయకుండా, అదే రాత్రి పై వ్యాపారికి పంపించేయగలగడమే.

చట్టం ఈ విషయంలో బలహీనంగా ఏమీ లేదు. 2003 విద్యుత్తు చట్టం 136వ సెక్షను ప్రకారం విద్యుత్తు తీగను, సామగ్రిని యజమాని అనుమతి లేకుండా కోయడమే కాదు, దాచుకోవడమూ, ఒకచోటు నుంచి మరోచోటికి మోయడమూ కూడా మూడేళ్ల దాకా శిక్ష పడగల నేరాలు. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను దొంగసొత్తు అని తెలిసి గానీ, తెలుసుకోదగిన కారణం ఉండి గానీ కొన్నవాడికి మూడేళ్ల దాకా, అదే అలవాటుగా వ్యాపారం చేసేవాడికి యావజ్జీవం, లేదా పదేళ్ల దాకా జైలు శిక్ష చెబుతోంది. ఇంత చట్టం ఉండగా ఆచరణలో జరుగుతున్నదేమిటంటే, ఒక మండలంలో ట్రాన్స్‌ఫార్మరు పోయిన వారం రోజులూ రోడ్డు మీద కనిపించిన ప్రతి ఇనుము బండినీ ఆపి బిల్లు చూపించమని అడగడం. ట్రక్కు నిండా దమ్ము చక్రాలు, చువ్వలు కనిపిస్తున్నా సరే, బిల్లు లేదు కనుక పక్కన పెట్టమంటారు. కూలీలు అరుగు మీద, బండి రోడ్డు పక్కన, డీజిలు డబ్బులు దండగ. చివరకు ఎవరో పెద్దమనిషి వచ్చి చెబితే తప్ప బండి కదలదు. ఆ సమయంలో అసలు రాగి మోటారు సైకిలు మీద కాళ్ల మధ్య గోనెసంచిలో పెట్టుకుని ఎప్పుడో పోయి ఉంటుంది. రాగి దొంగ ట్రాక్టరు మీద రాడు. ఆ బరువుకు అతనికి ట్రాక్టరు అవసరం లేదు.

ఇక రికవరీ అనే మరొక బాధ ఉంది. పట్టుబడ్డ దొంగ ఎవరో ఒక దుకాణం పేరు చెబుతాడు. సరుకు అక్కడ లేకపోయినా అంత తూకం రాగి ఎక్కడి నుంచైనా తెచ్చి అప్పగించమని దుకాణదారు మీద ఒత్తిడి వస్తుంది. నిజంగా కొన్నవాడు కట్టి బయటపడతాడు, కొననివాడూ కట్టి బయటపడతాడు, ఇద్దరికీ తేడా లేకుండా పోతుంది. పుస్తకం సక్రమంగా రాసుకున్నా ఏ ప్రయోజనమూ లేదని తెలిసిన తర్వాత దుకాణాల్లో పుస్తకం రాసేవాడు ఎందుకు ఉంటాడు?

అందుకే నేను కోరేది కాటా దగ్గర చీటీ. పాత సామాను కొనే ప్రతి దుకాణమూ ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయంలోనో, పట్టణమైతే మున్సిపాలిటీలోనో నమోదు కావాలి. రాగి, కేబులు, ట్రాన్స్‌ఫార్మరు భాగాలు, రైల్వే, టెలిఫోను సామగ్రి వంటివి ఎంత తక్కువ తూకానికైనా అమ్మినవాడి ఆధారు సంఖ్యలోని చివరి అంకెలు, ఫోను నంబరు, సరుకు ఫొటో తీసుకోకుండా కొనకూడదు. ఆ సరుకుకు డబ్బు నగదుగా ఇవ్వకూడదు. మిగిలిన ఇనుముకు ఒక తూకం దాటితేనే వివరాలు అడిగితే చాలు. విరిగిన బకెట్టు అమ్మి నలభై రూపాయలు తీసుకునే ముసలమ్మను ఫోనులో డబ్బు వేయించుకోమనడం అన్యాయం, ఆమెకు నగదే ఇవ్వాలి. ఊళ్లో సరుకు కొన్న నాలాంటివాడికి సచివాలయం ముద్ర ఉన్న చీటీ పుస్తకం ఇస్తే, ఎవరి దొడ్లో ఏమి కొన్నానో అక్కడే రాసి ఆ రైతు చేత సంతకం చేయించుకుంటాను. రోడ్డు మీద ఆపినప్పుడు అది చూపిస్తాను. అందులో లేని వస్తువు ట్రక్కులో ఉంటే నన్ను ప్రశ్నించే హక్కు పోలీసులకు ఎలాగూ ఉంటుంది.

ఇది నా సొంత ఊహ కాదు. ఇంగ్లండు, వేల్సులలో రైల్వే కేబుళ్లు, పాత చర్చిల పైకప్పుల సీసం విపరీతంగా దొంగతనానికి గురైన రోజుల్లో, 2012 డిసెంబరు నుంచి తుక్కు లోహానికి నగదు చెల్లింపును నిషేధించారు. మరుసటి సంవత్సరం వచ్చిన చట్టం దుకాణానికి ఒక లైసెన్సు, ఊరూరా తిరిగి సేకరించేవాడికి మరొక లైసెన్సు పెట్టింది. తిరిగేవాడు ఆ లైసెన్సు బండి మీద కనిపించేలా అతికించుకోవాలి. అమ్మినవాడి పేరు, చిరునామా సరిచూసి ఆ వివరాలు మూడేళ్లు భద్రపరచాలి. ఆ తర్వాత అక్కడ లోహాల దొంగతనాలు తగ్గాయి, రాగి ధర పడిపోవడం కూడా అందుకు ఒక కారణమే అయినా. మొత్తంగా ఆగిపోయాయని నేను అనను. మనకు వాళ్లకన్నా ఒక సౌకర్యం ఎక్కువే ఉంది. వాళ్లు చెక్కులు రాసుకోవలసి వచ్చిన పనికి మన దగ్గర టీ కొట్టువాడు కూడా వాడుతున్న యూపీఐ ఉంది. ఏ రాత్రి ఏ నంబరుకు ఎంత డబ్బు వెళ్లిందో కనిపెట్టడానికి ఎవరినీ స్టేషనులో కూర్చోబెట్టనక్కరలేదు.

పన్నుల విషయంలో ఇలాంటి మార్పు ఒకటి ఇప్పటికే వచ్చింది, దాన్ని గురించి మా వాళ్లకే సరిగా తెలియదు. 2024 అక్టోబరు 10 నుంచి జీఎస్టీ నమోదు లేని వ్యక్తి దగ్గర లోహపు తుక్కు కొంటే, పన్ను కట్టవలసిన బాధ్యత నమోదైన కొనుగోలుదారుదే. నమోదైన వ్యాపారులు ఒకరికొకరు అమ్ముకున్నప్పుడు కొన్నవాడు తాను చెల్లించే డబ్బులోంచే రెండు శాతం పన్ను కోసి జమ చెయ్యాలి. తుక్కు వ్యాపారంలో దొంగ బిల్లుల బెడద ఎంత ముదిరితే ప్రభుత్వం ఈ ఏర్పాటు చేసిందో ఊహించుకోవచ్చు. సరుకు విలువ 50,000 రూపాయలు దాటి, కొనేవాడు నమోదైన వ్యాపారి అని ముందే తెలిసినప్పుడు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం, తీయవలసిందీ అతనే. ఆచరణలో మాత్రం కాటా దాకా వచ్చినదంతా నీ బాధ్యతే అని దుకాణదారు చేతులు దులుపుకుంటాడు, దారిలో ఆపిన అధికారి కాగితం నన్నే అడుగుతాడు. వాణిజ్య పన్నుల శాఖవారు ఆటోనగర్ వంటి చోట్ల దుకాణాల ముందు ఈ రెండు ముక్కలూ తెలుగులో రాసి బోర్డు పెట్టిస్తే సగం తగవులు అక్కడే తీరతాయి.

నిఘా మా మీద అక్కరలేదని నేను అనడం లేదని మొదటే రాశాను. ట్రక్కులు తోలే తీరు మీద మాత్రం ఇప్పుడు ఉన్న నిఘా ఏ మాత్రమూ చాలదు. రాత్రిపూట వెనుక దీపం లేకుండా, ఎర్ర రిఫ్లెక్టరు లేకుండా, చువ్వలు ట్రక్కు దాటి బారెడు వెనక్కి పొడుచుకొచ్చి ఉండగా వెళ్లే ట్రాక్టర్లు మన రోడ్ల మీద నిత్యం కనిపిస్తాయి. వెనుక వచ్చే మోటారు సైకిలువాడికి ఆ చువ్వ కనిపించేది ఆఖరి క్షణంలోనే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ సరుకు బండికి ముందుకో, వెనక్కో, పక్కకో పొడుచుకొస్తే 20,000 రూపాయల జరిమానా పెట్టింది, పైగా అక్కడే దించించే ఖర్చు కూడా బండివాడిదే. ఆ జరిమానా వేస్తే మా వాళ్లలో ఎవరికైనా కోపం రావచ్చు గానీ, అది న్యాయమే. చువ్వలు పొడవుగా ఉంటే కోయించుకోవాలి, లేదా లారీ మాట్లాడుకోవాలి.

ఇనుము మోతకు ధాన్యం మోతకు లేని ప్రమాదం మరొకటి ఉంది. బస్తాలు ఎలా పేర్చినా బరువు ఇంచుమించు సమంగా పరుచుకుంటుంది. పోత ఇనుప చక్రమో, ఇంజను బ్లాకో ఒకటి ఇరుసుకు వెనుక పడిందంటే ట్రక్కు ముందుభాగం పైకి లేచి, కొక్కెం ట్రాక్టరు వెనుక భాగాన్ని ఎత్తుతుంది. ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు పోయిన తర్వాత బ్రేకు పేరుకే మిగులుతుంది. మన ట్రక్కుల్లో ఎక్కువ వాటికి సొంత బ్రేకులు లేవు, ఆపవలసిందంతా ట్రాక్టరే. వంతెన దిగేటప్పుడు, కాలువ గట్టు దిగేటప్పుడు వెనుక ఉన్న టన్నుల బరువు ముందుకు నెట్టి, ట్రాక్టరును అడ్డంగా మడిచేస్తుంది. బరువైనవి ముందు, అడుగున వేసి, పైన రేకులు పరిచి, గొలుసుతో బిగించి, కొక్కెం పిన్నుకు అడ్డుచీల పెట్టుకుని, ఎత్తు ఎక్కేముందే గేరు మార్చుకోవడం పాత డ్రైవర్లకు తెలుసు; కొత్తగా కిరాయి బండ్లు ఎక్కుతున్న కుర్రవాళ్లకు ఎవరూ నేర్పడం లేదు. లోడు మీద కూలీలను కూర్చోబెట్టుకు రావడం అన్నిటికన్నా ఘోరం. వ్యవసాయం కోసమని రిజిస్టరు చేయించిన ట్రాక్టరుతో కిరాయి తోలుతూ, ట్రక్కుకు విడిగా రిజిస్ట్రేషనూ, బీమా లేకుండా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట చెప్పే మాట మాకు సంబంధం లేదనే. పోయిన కూలీ కుటుంబం ఆ తర్వాత ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగవలసిందే. రవాణా శాఖ అధికారులు పంట కోతలు అయిపోగానే, అంటే ట్రాక్టర్లు కిరాయి పనులకు మళ్లే సమయంలో, ఈ తనిఖీలు చేస్తే ఎక్కువ ప్రయోజనం ఉంటుంది.

తుక్కు దుకాణాల లోపల జరిగే ప్రమాదాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఏమి నింపారో తెలియని రసాయనపు డ్రమ్మును గ్యాసు కట్టరుతో కోస్తే లోపల మిగిలిన ఆవిరి అంటుకుని పేలుతుంది. ఖాళీ అనుకున్న సిలిండరు ఖాళీ కాకపోవచ్చు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్లో జరిగింది ఇంకా భయంకరమైనది. విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న పరికరాన్ని వేలం వేస్తే, దాన్ని కొన్నవారు విప్పి, లోపలి కోబాల్టు-60 అనే రేడియోధార్మిక పదార్థం ఏమిటో తెలియక చేతులతో తాకారు. ఒక కార్మికుడు ప్రాణం కోల్పోయాడు, మరికొందరు రేడియేషను వల్ల ఆసుపత్రి పాలయ్యారు. అమ్మినవారు చదువుకున్నవారు, కొన్నవారు కారు. అందుచేత ఆసుపత్రులు, కళాశాలలు, ఫ్యాక్టరీలు పాత యంత్రాలను వేలం వేసేటప్పుడు లోపల ఏమి ఉందో, ఏమి లేదో రాతపూర్వకంగా ఇచ్చే పద్ధతిని వేలం జరిగే చోటే అమలు చెయ్యాలి. కేబుళ్ల తొడుగు కాల్చడం మాన్పించడానికైతే చీటీ పద్ధతే కొంత ఉపయోగపడుతుంది. కాల్చిన రాగిని కొనేవాడు లేకపోతే ఊరి చివర రాత్రిపూట ఆ విషపు పొగ లేవదు.

చివరగా కాటా. తూనికలు కొలతల శాఖ నియమం ప్రకారం ఎలక్ట్రానిక్ కాటాకూ, వేబ్రిడ్జికీ ఏడాదికి ఒకసారి తనిఖీ చేసి ముద్ర వెయ్యాలి. కిరాణా కొట్టులో వంద గ్రాములు తగ్గితే అడిగేవాళ్లు ఉన్నారు. ఇనుము దుకాణంలో కాటా అమ్మేవాడిది కాక కొనేవాడిది కావడం వల్ల మోసపోయేవాడు ఎప్పుడూ బలహీనుడే అవుతున్నాడు. ముద్ర తేదీ కనిపించేలా ఉంచడం, ఖాళీ బండి తూకం, నిండు బండి తూకం రెండూ అచ్చయిన చీటీ అమ్మినవాడికి ఇవ్వడం, తరుగు ఎందుకు తీశారో ఆ చీటీ మీదే రాయడం తప్పనిసరి చెయ్యాలి. రాగి దొంగను పట్టించే చీటీ, నిజాయితీగా తోలినవాడికి తూకం న్యాయంగా ఇప్పించే చీటీ ఒకే పుస్తకంలోంచి చింపవచ్చు, ప్రభుత్వానికి వేరే ఖర్చు కూడా ఉండదు.

రబీ కోతలు ముగిసి, కాలువలు కట్టేసి, పొలాల్లో మనుషులు పల్చబడే రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్లకు కాపలా ఉండదు. ఆ లోపు జిల్లా కలెక్టరు, ఎస్పీ, విద్యుత్తు శాఖ సూపరింటెండింగ్ ఇంజనీరు ఒకచోట కూర్చుని మండలానికి ఒక నమోదు జాబితా తయారు చేయించగలిగితే చాలు. పెద్ద ఊళ్లయినా సరే, ఒక మండలంలో పాత ఇనుము దుకాణాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో ఊళ్లో వీఆర్వోకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ట్రాక్టరు యజమాని,
కృష్ణా జిల్లా